మనవడు చూపించిన గుళ్ళు

(2025 డిసెంబరు 17న మన సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు విపులంగా చెప్పారు. కరువు భృతి బకాయిల గురించి నా తరువాత మాట్లాడేవారు చెబుతారు. మధ్యలో ఉన్న పదిహేను నిమిషాలు నాకిచ్చి, జపాను వెళ్ళివచ్చారు కదా, బుల్లెట్ రైలు గురించి చెప్పండి అన్నారు కార్యదర్శిగారు. అయ్యా, బుల్లెట్ రైలు నేను ఎక్కలేదు. దూరం నుంచి చూశాను, చూస్తుండగానే పోయింది. అంతకు మించి చెప్పడానికేమీ లేదు. నేను చూసినవి గుళ్ళు. వాటి గురించే చెబుతాను.

గుళ్ళతో నాకు పాత పరిచయం. దేవాదాయ శాఖలో ముప్పయి నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసి 2008లో రిటైరయ్యాను. దేవుడి ముఖం చూసింది తక్కువ, దేవుడి రిజిస్టర్లు చూసింది ఎక్కువ. దిట్టం ప్రకారం నైవేద్యానికి బియ్యం ఎంత, దీపారాధనకు నూనె ఎంత, హుండీ లెక్కింపు నాడు చిల్లర సంచులెన్ని, ఇనాం భూమి కౌలు ఎవరు ఎగ్గొట్టారు, ఇదీ నా భక్తి. కనుక జపానులో గుడి మెట్లెక్కినా నా బుద్ధి ముందు లెక్కల పుస్తకం మీదికే పోయేది.

మా అబ్బాయి టోక్యోలో నిషి కసాయి అనే పేటలో ఉంటాడు. మన దేశం నుంచి వెళ్ళిన కంప్యూటరు ఉద్యోగులు అక్కడ చాలామంది ఉన్నారు. కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి సీసాతో సహా నడిచి వెళ్ళే దూరంలో దొరుకుతాయి. 2024 సెప్టెంబరులో తొంభై రోజుల వీసా మీద వెళ్ళాను. వెళ్ళింది సరదాకు కాదు. మా మనవడు బడికి వెళ్ళడం మానేశాడని కోడలు ఫోనులో ఏడిస్తే వెళ్ళాను.

వాడికప్పుడు పధ్నాలుగు నిండి పదిహేనోయేడు. రెండో ఏట తీసుకువెళ్ళారు కనుక చదువంతా జపాను బడిలోనే. తెలుగు మాట్లాడతాడు గాని ప్రతి మాటకూ చివర తలవంచుతాడు. ఆ ఏడు వేసవి సెలవుల తరువాత బడి సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చి, చెప్పులు వేసుకోలేక కూర్చుండిపోయేవాడట. జ్వరం లేదు, నొప్పి లేదు. అక్కడ దీనికి ఫుతోకో అని ఒక పేరే ఉంది. 2023–24 విద్యా సంవత్సరంలో ఆ దేశం మొత్తం మీద చిన్న బడుల్లో, మధ్య తరగతుల్లో కలిపి 3 లక్షల 46 వేల పైచిలుకు పిల్లలు ఇలా మానేసినట్లు వారి విద్యాశాఖ లెక్క. అంత క్రమశిక్షణ గల దేశంలో అంతమంది!

ఇప్పుడు నా తప్పు ఒకటి సభాముఖంగా ఒప్పుకోవాలి. వెళ్ళిన మూడోనాడు, భోజనాల బల్ల దగ్గర, "బడికి పోనివాణ్ణి గాడిదలు కాయడానికి పంపించాలి" అన్నాను. మా నాన్న నన్ను అన్నమాటే, నేను మా అబ్బాయిని అన్నమాటే. వాడు తల ఎత్తలేదు. కంచం తీసుకువెళ్ళి సింకులో పెట్టి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అక్కడ ఇళ్ళు ఎంత ఇరుకంటే, నాలుగు రోజులు ఒక మనిషికి ఎదురుపడకుండా తిరగడానికి చాలా నేర్పు కావాలి. వాడు తిరిగాడు.

అయిదోనాడు తలుపు కొంచెం తీసి ఉంది. వాడు కంప్యూటరులో బొమ్మల సినిమా చూస్తున్నాడు. యానిమే అంటారు. మనం చిన్నపిల్లల బొమ్మలనుకుంటాం గాని అక్కడ పెద్దవాళ్ళూ చూస్తారు, కథలు కూడా పెద్దవాళ్ళవే ఉంటాయి. తెర మీద ఒక పాత కొయ్య గుడి కనిపించింది. చుట్టూ చెట్లు, దాని ముందు కొందరు పిల్లలు. నాకు శాఖ బుద్ధి పోదు కదా! "ఏ ఊరి గుడిరా అది?" అన్నాను.

"నిజంగా ఉంది తాతయ్యా" అన్నాడు. నాలుగు రోజుల తరువాత మొదటి మాట.

"ఉంటే చూడవచ్చునా?"

జవాబు చెప్పలేదు. మర్నాడు ఉదయం నా మంచం పక్కన ఒక కాగితం పెట్టి ఉంది. ఏ గుడి, ఏ రైలు, ఎన్ని గంటలకు, ఎక్కడ మారాలి, టిక్కెట్టు ఎంత, అన్నీ గళ్ళు గీసి రాశాడు. మనవాళ్ళెవరూ ఇంత శుభ్రంగా అడ్వాన్సు టూర్ ప్రోగ్రాం పెట్టగా నేను చూడలేదు. అందులో నాలుగు గుళ్ళున్నాయి. నేను కంప్యూటరులో చూసిన గుడి మాత్రం చివరిది. ముందు దానికే పోదామంటే, "అది తరవాత" అన్నాడు.

బొమ్మల కథల్లో కనిపించిన స్థలాలను వెతుక్కుంటూ వెళ్ళడాన్ని అక్కడ సేయిచి జున్రేయి అంటారు. అక్షరాలా పుణ్యక్షేత్ర యాత్ర అనే అర్థం. మొదట నాకిది వేళాకోళంగా తోచింది. మరి మనం మాత్రం? కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున సినిమా చెట్టని ఒక నిద్రగన్నేరు ఉండేది. ఎన్ని సినిమాలు తీశారో దాని కింద! పెళ్ళయిన కొత్తలో మా ఇంటావిడ అడిగితే సైకిలు మీద తీసుకువెళ్ళి చూపించాను. చెట్టును ముట్టుకుని కళ్ళకద్దుకుంది. అది దేవుడి చెట్టు కాదే అంటే, "అయితేనేం" అంది. నేను జపాను వెళ్ళడానికి నెల ముందు, 2024 ఆగస్టులో, ఆ చెట్టు కూలిపోయిందని పేపర్లో చదివాను.

మొదటి ప్రయాణం దగ్గరిదే. అకిహబరా అని టోక్యోలో ఎలక్ట్రానిక్ సామాన్ల పేట ఉంది. దాని వెనక గట్టు మీద కాందా మ్యోజిన్ గుడి. 730లో స్థాపించారని చెబుతారు. ఇప్పటి కట్టడం 1934 నాటిది, కాంక్రీటుతో కట్టి ఎర్ర లక్క పూసింది. అంతకుముందుది 1923 భూకంపంలో కాలిపోతే, ఈసారి కాలనిది కడదామనుకున్నారు. ఆ ముందుచూపు వల్లే 1945 బాంబు దాడుల్లో చుట్టుపక్కల పేటలు తగలబడినా అది నిలిచింది. అక్కడ పూజలందుకునే ముగ్గురిలో దైకోకు ఒకరు. బియ్యపు బస్తాల మీద నిలబడి, చేతిలో సుత్తి పట్టుకుని నవ్వుతుంటాడు. ఈయన పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? మన మహాకాలుడి నుంచి. బౌద్ధుల వెంట చైనా మీదుగా వెళ్ళి, అక్కడి దేవుడొకరితో కలిసిపోయి, సంపదలిచ్చే దేవుడయ్యాడు. బదిలీ మీద దూరప్రాంతం వెళ్ళిన ఉద్యోగి మనిషే మారిపోయినట్లు!

లవ్ లైవ్ అనే కథ 2013లో టీవీలో వచ్చింది. బడి మూతపడకుండా కాపాడటానికి ఆడపిల్లలు పాటల బృందం కడతారు. ఈ గుడికి పక్కనున్న నిటారు మెట్ల మీద పరుగులు తీసి సాధన చేస్తారు. వాళ్ళలో ఒకమ్మాయి గుడిలో పనిచేస్తుంటుంది. ఆ మెట్లే నేను ఎక్కింది. మూడుచోట్ల ఆగాను. నా పక్కనుంచి ఒక కుర్రవాడు కథలో అమ్మాయిల్లాగే పరుగెత్తుకుంటూ పోయాడు. గుడివారు వీళ్ళను కసురుకోలేదు సరికదా, 2015లో తమ పెద్ద ఉత్సవానికి ఆ అమ్మాయి బొమ్మతోనే పోస్టరు వేశారు. కంప్యూటర్లకు కీడు జరగకుండా తాయెత్తులు కూడా అమ్ముతారు. మా అబ్బాయికి ఒకటి కొన్నాను. వాడు నవ్వాడు గాని ఆఫీసు సంచీకి కట్టుకున్నాడు.

రెండోది సుగా జింజా, యోత్సుయా పేటలో. 2016లో వచ్చిన 'కిమి నో నా వా' అనే సినిమా చివర నాయికా నాయకులు ఎదురుపడే మెట్లు ఆ గుడికి దగ్గరలో ఉన్నాయి. ఎర్రటి కమ్మీలు, అటూ ఇటూ మామూలు ఇళ్ళు. మెట్ల మీద ఫొటోల కోసం వరుస. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, పక్కింటివాళ్ళకు ఇబ్బందని. గుడి లోపలికి మాత్రం ఒకరిద్దరే వచ్చారు. నాకది నచ్చలేదు, మనవడితో అన్నాను. వాడు ఒప్పుకుని నన్ను లోపలికి తీసుకువెళ్ళాడు. రెండుసార్లు వంగాలి, రెండుసార్లు చప్పట్లు కొట్టాలి, మళ్ళీ ఒకసారి వంగాలి. హుండీలో అయిదు యెన్ల నాణెం వేయాలి. ఎందుకంటే అయిదు యెన్లు అన్నా, అనుబంధం అన్నా వాళ్ళ భాషలో ఒకేలా పలుకుతుంది, గో ఎన్ అని. హుండీకి చిల్లర ఎందుకు ఎక్కువ వస్తుందో నాకు అప్పుడు తెలిసింది. లెక్కపెట్టే గుమాస్తా మీద జాలేసింది.

మూడోది వాషినోమియా. టోక్యోకు ఉత్తరాన సైతామా జిల్లాలో చిన్న ఊరు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మన శాఖవారందరూ వినవలసిన కేసు.

2007లో లక్కీ స్టార్ అని ఒక బొమ్మల కథ టీవీలో వచ్చింది. అందులో కవల అక్కచెల్లెళ్ళు ఒక గుడి పూజారి పిల్లలు. ఆ గుడికి నమూనా ఈ వాషినోమియా గుడి అని పసిగట్టి కుర్రవాళ్ళు కెమెరాలతో రావడం మొదలుపెట్టారు. ఊరివాళ్ళు మొదట భయపడ్డారు. ఎవరీ కుర్రాళ్ళు, పేరంటాలకొచ్చినట్లు గుంపులుగా వస్తున్నారని. ఆ ఊరి వర్తక సంఘంవాళ్ళు ఏం చేశారనుకున్నారు? నోటీసు బోర్డు పెట్టలేదు. గుడి దగ్గరకు వెళ్ళి ఆ కుర్రాళ్ళనే అడిగారు, మీకేం కావాలి నాయనా అని. ఆ ఏడు డిసెంబరులో గుడి దగ్గర ఒక సభ పెడితే మూడున్నర వేలమంది వచ్చారు. గుడి మొక్కుబడి పలకల ఆకారంలో చిన్న చిన్న కొయ్య బిళ్ళలు చేయించి ఊళ్ళోని దుకాణాలకు పంచారు, ఒక్కో బొమ్మ ఒక్కో దుకాణంలో. అన్నీ కావాలంటే ఊరంతా తిరగాలి. మిఠాయి కొట్టూ బతికింది, పచారీ కొట్టూ బతికింది.

లెక్క వినండి. కొత్త సంవత్సరం మొదటి మూడు రోజుల్లో ఆ గుడికి 2007లో వచ్చినవారు 1 లక్షా 30 వేలు. 2008లో 3 లక్షలు. 2009లో 4 లక్షల 20 వేలు. 2011లో 4 లక్షల 70 వేలు. ఈ అంకెలు నా దగ్గరికి ఫైలులో వచ్చి ఉంటే పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపేవాణ్ణి.

ఇంకా ఉంది. 2008 ఏప్రిల్లో ఆ పురపాలకవారు కథలోని పూజారి కుటుంబాన్ని తమ ఊరి ప్రత్యేక నివాసులుగా నమోదు చేశారు. లేని మనుషులకు నివాస ధ్రువపత్రం! ఒక్కో ప్రతి 300 యెన్లకు అమ్మారు. అయ్యా, మనలో ఎంతమంది ఉన్న మనుషులకు ఆ ధ్రువపత్రం ఇవ్వడానికి ఎన్నిసార్లు తిప్పించామో ఒకసారి గుర్తు చేసుకుందాం. నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

గుడి ముందు తోరి అని పెద్ద కొయ్య ద్వారం ఉండేది. బొమ్మల కథలో అందరూ గుర్తుపట్టేది అదే. 2018 ఆగస్టులో మొదలు పుచ్చి అది కూలిపోయింది. 2021లో కొత్తది నిలబెట్టారు. మావాడు దాని స్తంభం మీద చెయ్యి వేసి ఈ సంగతి చెబుతుంటే, నాకు గోదావరి గట్టున చెట్టు గుర్తొచ్చి ఆ కథ వాడికి చెప్పాను, నానమ్మను సైకిలు మీద తీసుకువెళ్ళడంతో సహా. వాడు ఒక్కమాటు ఇటు తిరిగి, ఏదో అనబోయి, ఊరుకున్నాడు.

లోపల మొక్కుబడి పలకలు చూశాం. ఎమా అంటారు. అరచేతికి కాస్త పెద్దదిగా కొయ్య పలక, కోరిక రాసి తగిలించడం. పూర్వం దేవుడికి గుర్రాన్ని ఇచ్చేవారట. గుర్రాన్ని ఇవ్వలేనివాళ్ళు గుర్రం బొమ్మ వేసి ఇచ్చారు. ఎమా అంటే గుర్రం బొమ్మ అనే అర్థం. మనం వెండి కళ్ళు సమర్పించుకోమూ, అలాగే. ఇక్కడ గుర్రం స్థానంలో ఆ కథలో అమ్మాయిల బొమ్మలు. నాకు కడుపులో మంట మొదలయింది. దేవుడి ఆవరణలో ఈ బొమ్మలేమిటి, దీనికి ఆడిట్ అభ్యంతరం లేదా అనుకుంటూ, "ఏం రాశార్రా వీళ్ళంతా?" అని గద్దించాను. వాడు వేలు పెట్టి చదివి చెప్పాడు. అమ్మ ఆపరేషన్ బాగా జరగాలి. ఉద్యోగం రావాలి. ఈ ఏడైనా పరీక్ష పాసవ్వాలి. స్నేహితుడు మళ్ళీ మాట్లాడాలి. నేను మా హుండీల్లో చిల్లరతో పాటు కాగితం చీటీలు ఎన్ని విప్పి చూశానో! అవే కోరికలు. ఎర్ర సిరా మూత పెట్టాను.

తిరుగు రైల్లో మావాడు ఇంకొకటి చెప్పాడు. లక్కీ స్టార్ తీసిన సంస్థ క్యోటో యానిమేషన్. 2019 జూలై 18న ఒక దుర్మార్గుడు ఆ సంస్థ కట్టడానికి నిప్పు పెడితే 36 మంది చనిపోయారు. ఆ కథకు దర్శకుడు తకెమోతో యసుహిరో వారిలో ఒకరు. అది చెప్పి వాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. వాడి గదిలో గోడ మీద బొమ్మలు చూసి నేను విసుక్కున్నాను. ఆ బొమ్మలు గీసిన చేతుల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

నాలుగోది చిచిబు. నవంబరు నెల, కొండల మీద ఆకులు పసుపు, ఎరుపు తిరిగిన రోజులు. ఇకెబుకురో నుంచి రైల్లో గంటా ఇరవై నిమిషాలు. అదొక కొండల నడుమ పట్నం. అక్కడ అవలోకితేశ్వరుడి గుళ్ళు 34 ఉన్నాయి. వాళ్ళు కన్నోన్ అంటారు. వాటిని వరుసగా దర్శించడం వందల ఏళ్ళుగా ఉన్న యాత్ర. మన పుష్కరాల్లాగే 12 ఏళ్ళకొకసారి, గుర్రం సంవత్సరంలో, మూసి ఉంచిన గర్భగుళ్ళన్నీ తెరిచి మూర్తులను చూపిస్తారు. 2014లో తెరిచారు. మళ్ళీ గుర్రం సంవత్సరం రాబోయే 2026.

ముందు ఊరి నడుమ చిచిబు జింజాకు వెళ్ళాం. 1592లో తోకుగవా ఇయెయాసు కట్టించి ఇచ్చిన గుడి. గోడల నిండా రంగుల చెక్కడాలు. గొలుసులతో కట్టేసిన నీలం డ్రాగన్ ఒకటుంది. లేచిపోయి అల్లరి చేస్తుంటే కట్టేశారని చెప్పుకుంటారు. ఇంకొక గోడ మీద మూడు కోతులు. గాంధీగారి కోతులనుకున్నాను. కాదు, ఇవి వాటికి ఎదురు. బాగా చూడు, బాగా విను, బాగా మాట్లాడు అని వీటి అర్థం. శుక్లాలు తీయించుకున్నవాళ్ళం, చెవిలో మిషను పెట్టుకున్నవాళ్ళం ఇక్కడ చాలామందిమి ఉన్నాం, మన సంఘం గుర్తుగా పెట్టుకోదగ్గ కోతులు.

అక్కడి నుంచి నడిచి జోరిన్‌జికి వెళ్ళాం. 34లో 17వది. నేను కంప్యూటరులో చూసిన గుడి. ఇళ్ళ మధ్యలో చిన్న ఆవరణ, పాత కొయ్య మంటపం, పక్కన గంట. ఆ గంట మీద దేశంలోని వంద అవలోకితేశ్వరుల రూపాలు పోతపోశారు. లోపల మూర్తి పదకొండు ముఖాల అవలోకితేశ్వరుడు. ఇది బౌద్ధుల గుడి కనుక చప్పట్లు కొట్టకూడదు. నేను అలవాటుగా ఒకటి కొట్టేశాను. మావాడు రెండోది పడకుండా చెయ్యి పట్టుకున్నాడు.

మెట్ల మీద కూర్చున్నాం. మేము తప్ప ఎవరూ లేరు. అప్పుడు వాడు కథ చెప్పాడు. 2011లో వచ్చింది, పేరు పొడుగ్గా ఉంటుంది, అనోహనా అని పిలుస్తారు. ఆరుగురు చిన్నపిల్లలు జట్టుగా ఆడుకునేవారు. వారిలో ఒక అమ్మాయి ప్రమాదంలో చనిపోతుంది. మిగిలిన అయిదుగురూ పెద్దవాళ్ళవుతూ ఒకరికొకరు దూరమైపోతారు. వారిలో ఒక కుర్రవాడు బడికి వెళ్ళడం మానేసి ఇంట్లో కూర్చుంటాడు. ఒక వేసవిలో ఆ చనిపోయిన అమ్మాయి వాడికి కనిపిస్తుంది, వాడొక్కడికే. నా కోరిక ఒకటి మిగిలిపోయింది, తీర్చండి అంటుంది. ఏం కోరికో దానికే గుర్తులేదు. వీళ్ళంతా మళ్ళీ కలుసుకుని, దాని కోసం ఒక పెద్ద తారాజువ్వ వదలాలని చూస్తారు. చిచిబు పక్కన యోషిదాలో అక్టోబరులో నిజంగానే అలాంటి తారాజువ్వల పండుగ జరుగుతుంది, ర్యూసేయి అంటారు, చేత్తో మందు కూరి వెదురు తోకతో కొండ మీది నుంచి వదులుతారు. కథ రాసిన ఒకాదా మారి ఈ ఊరి ఆడపిల్లే. ఆమె కూడా చిన్నప్పుడు చాలా ఏళ్ళు బడికి వెళ్ళక ఇంట్లోనే ఉండిపోయిందట. 2017లో తన కథ తానే పుస్తకంగా రాసుకుంది.

బడికి వెళ్ళని ఆ కుర్రవాడి కోసం నన్ను ఇక్కడికి తెచ్చాడని నేననుకున్నాను. నాలుగు మంచిమాటలు సిద్ధం చేసుకుంటున్నాను కూడా.

వాడు అన్నాడు: "నానమ్మ ఫోన్ చేసింది తాతయ్యా. ఎప్పుడొస్తావురా అంది. నేను గేమ్ ఆడుతున్నాను. తరవాత మాట్లాడతా అన్నాను."

మా ఇంటావిడ 2021 మే నెలలో పోయింది. ఆ మే నెల ఎలాంటిదో మీకు చెప్పనక్కరలేదు. ఈ సభలో ఖాళీగా ఉన్న కుర్చీలు చెబుతాయి. వెళ్ళినవాణ్ణి జపానువాళ్ళు మళ్ళీ రానివ్వడం లేదు. మా అబ్బాయి రాలేకపోయాడు. దహనం ఫోనులో చూశారు. ఈ పిల్లవాడికి అప్పుడు పదకొండేళ్ళు. అందరం మా అబ్బాయి రాలేకపోయినందుకు బాధపడ్డాం, నేను ఒంటరివాణ్ణయినందుకు బాధపడ్డాం. వీణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. పిల్లవాడికేం తెలుసు అనుకున్నాం.

నేను సిద్ధం చేసుకున్న మంచిమాటలు దేనికీ పనికిరాలేదు. చాలాసేపు ఇద్దరం ఊరుకున్నాం. తరువాత నేను వాడితో ఒక సంగతి చెప్పాను. అది మా అబ్బాయితో కూడా అప్పటికి చెప్పలేదు. ఆవిడ పోయిన ఘడియకు నేను ఆసుపత్రిలో లేను. మందుల షాపు దగ్గర వరుసలో నిలబడ్డాను. నా ముందు పదకొండు మంది ఉన్నారు. అది వదిలి వెనక్కి పోదామా అని రెండుసార్లు అనుకుని, వరుస పోతుందని పోలేదు. మందు తీసుకుని వచ్చేసరికి అయిపోయింది. ఆ మందు సీసా ఇప్పటికీ బీరువాలో ఉంది.

వాడు నా వంక చూసి, "పదకొండు మందా?" అన్నాడు. అవునన్నాను. అంతే మేము మాట్లాడుకున్నది.

అక్కడ కూడా పలకలున్నాయి. ఆ కథలో అమ్మాయి బొమ్మ వేసినవి ఎన్నో. వాడొకటి కొని జపాను లిపిలో రాసి తగిలించాడు. ఏం రాశాడో నేను అడగలేదు, నాకు చదవడం రాదు. నేనూ ఒకటి తీసుకున్నాను గాని, ఆవిడ పేరు తెలుగులో రాసి, పక్కన ఏం రాయాలో తోచక అలాగే ఉంచేశాను.

గుళ్ళో ఒక కిటికీ దగ్గర యాత్రికుల పుస్తకంలో ముద్ర వేసి ఇస్తారు. పుస్తకం ఒకటి కొన్నాను. ఆయన కుంచెతో నల్లసిరా ముంచి, గుడి పేరు, దేవుడి పేరు ఒక్క ఊపులో రాసి, ఎర్ర ముద్రలు వేశాడు. ఒక్కటీ వంకర పోలేదు. అచ్చు పక్క పేజీకి అంటకుండా మధ్యలో కాగితం పెట్టాడు. ముప్పయి నాలుగేళ్ళు ముద్రలు కొట్టినవాణ్ణి, ఒక్కనాడైనా అంత నిదానంగా కొట్టానా అనిపించింది. మావాడు వెనక్కి నడుస్తూ, "ఇంకా 33 ఉన్నాయి" అన్నాడు.

మర్నాడు వాడు బడికి వెళ్ళలేదు. ఆ వారమూ వెళ్ళలేదు, నేను డిసెంబరులో తిరిగి వచ్చేదాకా వెళ్ళలేదు. అలా వెళ్ళాడని చెబితే వినడానికి బాగుంటుంది గాని అది అబద్ధం. అయితే భోజనానికి బల్ల దగ్గరకు రావడం మొదలుపెట్టాడు. వాళ్ళ అమ్మకు ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో కోడలు నాకు చెప్పలేదు గాని, ఆ రాత్రి తల్లీకొడుకులు చాలాసేపు కూర్చున్నారు. జనవరి నుంచి బడి మానేసిన పిల్లలు కూర్చుని చదువుకునే ఒక చోటికి వారానికి రెండు రోజులు వెళ్ళాడు. అక్కడ ఆ తరగతి దాకా హాజరు లేకపోయినా పిల్లవాణ్ణి ఆపరట. 2025 ఏప్రిల్ నుంచి పోస్టు ద్వారా చదివే ఉన్నత పాఠశాలలో చేరాడు. నెలకు కొన్ని రోజులే వెళ్ళాలి. మా అబ్బాయికి ఇది ఇష్టం లేదు. నాకూ అంత ఇష్టమని చెప్పలేను. వాడు మాత్రం పాఠాలు సమయానికి పంపిస్తున్నాడు.

ఆదివారం ఆదివారం ఫోను చేస్తాడు. మొన్న చేసినప్పుడు, వచ్చే ఏడు గుర్రం సంవత్సరం, గుళ్ళన్నీ తెరుస్తారు, మిగిలిన 33 చూద్దాం రమ్మన్నాడు. కొత్తగా గళ్ళు గీసి ప్రోగ్రాం వేశాడు, రోజుకు మూడు గుళ్ళ చొప్పున, మధ్యాహ్నం నాకు పడుకోవడానికి గంట కూడా పెట్టాడు. మోకాళ్ళ డాక్టరుగారు ఒప్పుకోవాలి. లైఫ్ సర్టిఫికెట్ ఎప్పుడివ్వాలో చూసుకుని టిక్కెట్టు కొనాలి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ముద్ర వేసిన పుస్తకం తెచ్చాను, ముందు వరుస నుంచి చేతులు మార్చుకుంటూ చూడండి. ఒకటే పేజీ నిండింది, మిగతావి ఖాళీ. కాఫీ చేత్తో పట్టుకోకండి, సిరా కదులుతుంది. వెనక వరుసవారు దయచేసి నాకే తిరిగి ఇవ్వండి.